సైకిలుతో విమానమెక్కేవారి ప్రశ్నలు

ఈ మధ్య ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సైకిలును విమానంలో తీసుకువెళ్ళడం గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినందువల్ల వాటిని కలిపి, ఎనిమిది ప్రశ్నలుగా కుదించి సమాధానాలు ఇస్తున్నాను. చాలామంది భయమంతా ఫ్రేముకు దెబ్బ తగులుతుందేమోనన్నదే. ఆ భయం న్యాయమైనదే కానీ, ప్రయాణం చిక్కుల్లో పడేది మాత్రం తరచుగా అరచేతిలో ఇమిడే వస్తువుల దగ్గర, అంటే జిగురు గొట్టం, గ్యాసు గుళిక, బ్యాటరీ వంటి వాటి దగ్గర. తనిఖీ చేసేవారికి అది సైకిలు సామానా, వంట సామానా అన్నదానితో పనిలేదు. అందులో ఏముంది, అది ఏ సంచిలో ఉంది అన్నవే వారు చూస్తారు. మనమూ సామాను సర్దుకునేటప్పుడు అదే చూపుతో చూడాలి.

ప్రశ్న: 2027లో ఫ్రాన్సులో జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ సుదూర సైకిలు యాత్రలో పాల్గొనాలన్నది నా కోరిక. సైకిలును ఇంతవరకూ విమానంలో తీసుకువెళ్ళలేదు. అట్టపెట్టె సరిపోతుందా, గట్టి ప్లాస్టిక్ పెట్టె కొనాలా? ఏయే భాగాలు విప్పాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

మీరు వెళ్తున్నది 1200 కిలోమీటర్లను 90 గంటల్లోపు పూర్తి చేయవలసిన యాత్రకు కాబట్టి, ముందుగా తిరుగు ప్రయాణం గురించి ఆలోచించమని కోరుతున్నాను. వెళ్ళేటప్పుడు ఇంట్లో తీరిగ్గా, స్నేహితుల సాయంతో, ఎంత చక్కగానైనా సర్దుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మూడు రాత్రులు సరిగా నిద్రలేక, వేళ్ళు తిమ్మిరెక్కి, పానా పట్టుకోవడానికే కష్టపడే స్థితిలో అదే పని ఒంటరిగా చేయాలి. ఆ స్థితిలో కూడా గంటలో ముగించగలిగే పద్ధతి ఏదో అదే మీకు సరైన పద్ధతి. అందుకని బయలుదేరే ముందు కనీసం రెండుసార్లు ఇంట్లో సైకిలును పూర్తిగా విప్పి, పెట్టెలో సర్ది, మళ్ళీ బిగించి, పది కిలోమీటర్లు తొక్కి చూడండి.

పెట్టె విషయానికి వస్తే, సైకిలు దుకాణంలో కొత్త సైకిళ్ళు వచ్చే అట్టపెట్టె తొలి ప్రయాణానికి చక్కగా పనికివస్తుంది. అడిగితే చాలా దుకాణాలవారు ఊరికే ఇస్తారు, బరువు తక్కువ, చిరిగిపోయినా బాధ ఉండదు. దాని లోపం వర్షం. తడిసిన అట్ట మోసేవారి చేతుల్లోనే ఊడిపోతుంది కాబట్టి, అడుగుభాగాన్నీ మూలలనూ వెడల్పు టేపుతో రెండు వరసలు చుట్టి, లోపల ఒక పెద్ద పాలిథిన్ షీటు పరవండి. గట్టి పెట్టె రక్షణ బాగానే ఇస్తుంది. కానీ ఖాళీ పెట్టె బరువే 10 కిలోలు దాటవచ్చు. అంతర్జాతీయ విమానాల్లో చాలావరకు ఒక్కో పెట్టెకు 23 కిలోల పరిమితి ఉంటుంది, 32 కిలోలు దాటిన ఏ ఒక్క పెట్టెనూ మామూలు లగేజీగా తీసుకోరు. దేశీయ విమానాల్లో సాధారణ టికెట్టుకు అనుమతించే చెక్-ఇన్ బరువు చాలా సంస్థల్లో 15 కిలోలే. 10 కిలోల సైకిలు, 4 కిలోల అట్టపెట్టె కలిస్తేనే ఆ అంచుకు చేరతాం. మొదటిసారి వెళ్తున్నవారికి నా సలహా అట్టపెట్టె లేదా మెత్తని దిండ్లున్న సంచి. పెట్టెను ఆ నాలుగైదు రోజులూ ఎక్కడ దాచుకుంటారో బస చేసే హోటలువారితో ముందే మాట్లాడుకోండి.

విప్పే ముందు సీటు పోస్టు ఎంత ఎత్తులో ఉందో, హ్యాండిల్ ఏ కోణంలో ఉందో చిన్న టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి, ఫోనులో ఫొటో తీసుకోండి. 600 కిలోమీటర్ల దాకా ఏ నొప్పీ లేకుండా మోసుకొచ్చిన ఆ కొలత అర సెంటీమీటరు మారినా మోకాలు గుర్తుపడుతుంది. తరువాత పెడళ్ళు విప్పాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని తెలియక బలంగా బిగించేసినవారిని నేను చాలామందిని చూశాను. పానాను నిటారుగా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్ళూ వదులవుతాయి. ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే కుడి, ఎడమల గొడవ ఉండదు. రెండు చక్రాలూ తీసి, డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ళ దూర్చండి. ద్రవ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల్లో బిళ్ళ లేకుండా లీవరు ఎవరి చెయ్యి తగిలి నొక్కుకున్నా పిస్టన్లు ముందుకొచ్చేస్తాయి, చక్రానికి ఉండే బ్రేకు పళ్ళెం, అంటే రోటర్, మళ్ళీ లోపలికి పోదు. చక్రాలు తీసిన ఫోర్కు కాళ్ళ మధ్య, వెనక ఫ్రేము చీలిక మధ్య ఆనింపు ముక్కలు తప్పకుండా పెట్టాలి. కొత్త సైకిళ్ళతో వచ్చే ప్లాస్టిక్ ఆనింపులను దుకాణాలవారు పారేస్తుంటారు, అడిగి తెచ్చుకోండి. అవి లేకపోతే పెట్టె మీద బరువు పడినప్పుడు ఆ కాళ్ళు లోపలికి వంగుతాయి.

గేరు మార్చినప్పుడు చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి జరిపే వెనక డెరైలర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను మొదటిసారి సైకిలును విమానంలో తీసుకువెళ్ళినప్పుడు దాన్ని విప్పకుండా అలాగే పెట్టెలో నిలబెట్టాను. తెల్లవారుజామున గెస్ట్‌హౌస్ వరండాలో పెట్టె తెరిస్తే పైకి అంతా చక్కగా కనిపించింది; చక్రం బిగించి తొక్కేసరికి చైను పెద్ద పళ్ళచక్రం దాటి ఊచల్లోకి దూకింది. వంగింది డెరైలర్ కాదు, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క. ఆ ఊళ్ళో అది దొరకక ఒక రోజంతా పోయింది. ఇప్పుడు డెరైలర్‌ను ఒక్క బోల్టు విప్పి, ఫ్రేము లోపలి వైపుకు మడిచి, గుడ్డ చుట్టి కడతాను. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా వెంట ఉంచుకోండి, కాస్త బరువు కూడా ఉండదు. ఒక ఫ్రేముది మరో ఫ్రేముకు సరిపోదు కాబట్టి ఫ్రాన్సులో కొనుక్కుందామని వాయిదా వేయకండి.

ఫ్రేము గొట్టాలకు చుట్టడానికి ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లని స్పాంజి గొట్టం కంటే మంచిది నాకు దొరకలేదు. హార్డ్‌వేర్ దుకాణాల్లో మీటర్ల లెక్కన అమ్ముతారు. విప్పిన చిన్న బోల్టులన్నీ ఒక జిప్ సంచిలో వేసి, ఆ సంచిని ఫ్రేముకే కట్టేయండి. అట్టపెట్టెకు చిన్న రంధ్రం పడితే ముందుగా జారిపోయేవి అవే. పెట్టె పైభాగాన్ని ఇంట్లో పూర్తిగా మూసేయవద్దు, కొన్ని విమానాశ్రయాల్లో తెరిచి చూపమంటారు. టేపు చుట్టను పెట్టె అప్పగించేదాకా చేతిలో ఉంచుకోండి.

సైకిలు తెస్తున్నట్టు విమాన సంస్థకు టికెట్టు కొన్న వెంటనే తెలియజేసి, వారి జవాబును రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితం వెంట ఉంచుకోవాలి. మధ్యలో మరో సంస్థ విమానం మారేటట్టయితే వారినీ అడగాలి. శంషాబాద్‌లో పెట్టె తీసుకున్నంత మాత్రాన తరువాతి విమానంలో చోటు ఉంటుందన్న హామీ లేదు.

ప్రశ్న: టైర్లలో గాలి పూర్తిగా తీసేయకపోతే ఆకాశంలో పేలిపోతాయని మా క్లబ్బులో అందరూ అంటారు. ఇది నిజమేనా?
— ఒక విద్యార్థి, విజయవాడ

నిజం కాదు, కారణం లెక్కలోనే ఉంది. ప్రయాణికుల విమానంలో లగేజీ పెట్టే కింది అరలో కూడా మనం కూర్చునే చోట ఉన్నంత పీడనమే ఉంటుంది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి పీడనం సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండేదానికి తగ్గకుండా చూస్తారు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్ఐ, 8,000 అడుగుల దగ్గర దాదాపు 10.9. అంటే తేడా 4 పీఎస్ఐ లోపే. మీరు 80 పీఎస్ఐ కొట్టిన టైరు పైన 84 పీఎస్ఐ కొట్టినట్టు ఉంటుంది, అంతే. బయట అసలు గాలే లేదనుకున్నా 95 దాటదు.

అయినా గాలి తగ్గించే తీసుకువెళ్ళాలి, ఎందుకంటే చాలా విమాన సంస్థలు తమ నియమాల్లో అలా అడుగుతాయి, కౌంటరు దగ్గర లెక్కలు చెప్పి వాదించడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. అయితే పూర్తిగా పిండేయవద్దు. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగేంత గాలి ఉంచితే, పెట్టె కింద పడినప్పుడు రిమ్ముకు ఆ కాస్త గాలే మెత్తగా అడ్డుపడుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లయితే ఇది మరీ ముఖ్యం. గాలి అసలు లేకపోతే టైరు అంచు రిమ్ము నుంచి ఊడి, పంక్చరును పూడ్చడానికి లోపల పోసిన సీలెంట్ ద్రవం పెట్టెనిండా కారుతుంది.

ప్రశ్న: గత నెల ఒక విమానాశ్రయంలో నా పంక్చర్ కిట్‌లోని సొల్యూషన్ ట్యూబు తీసి పక్కన పెట్టేశారు. అది చెక్-ఇన్ లగేజీలోనే ఉంది. చేతిసంచిలో కాదు కదా, ఎందుకు తీశారు? గ్యాసు గుళికలు, చైను ఆయిలు, పనిముట్ల సంగతి కూడా చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మీ బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. ఆ రోజు తనిఖీ అధికారి నాతో వాదించలేదు. ట్యూబును వెలుతురులో పెట్టి, దాని మీద గోరంత ఉన్న మంట గుర్తును వేలితో చూపించారు. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న ఆ ట్యూబు మీద మంట గుర్తు ఉందని అంతకుముందు నేను గమనించనే లేదు. పంక్చర్ షాపులో మనం సొల్యూషన్ అని పిలిచేది రబ్బరును త్వరగా ఆవిరయ్యే ద్రావణిలో కరిగించిన జిగురు. ఆ ద్రావణి ఆవిరికి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. అందుకని మండే జిగుర్లు చేతిసంచిలోనూ, చెక్-ఇన్‌లోనూ నిషిద్ధమే. చెక్-ఇన్ లగేజీ అంటే ఏదైనా పెట్టవచ్చన్న అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది; మండే వస్తువుల విషయంలో రెండు సంచులకూ తేడా లేదు.

దీనికి మారుగా వెనక జిగురు అంటించి వచ్చే పంక్చర్ బిళ్ళలు తీసుకువెళ్ళండి. అవి పాత పద్ధతి అతుకంత కాలం నిలవవన్నది నా అనుభవం, కాబట్టి వాటితోపాటు రెండు కొత్త ట్యూబులు పెట్టుకోండి. సొల్యూషన్ దిగిన ఊళ్ళో కొనుక్కోవచ్చు.

గాలి నింపే కార్బన్ డయాక్సైడ్ గుళికల విషయంలో నియమం ఒక రకంగా ఉంది, ఆచరణ మరో రకంగా ఉంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం మండని వాయువున్న చిన్న గుళికలు, ఒక్కొక్కటి 50 మిల్లీలీటర్ల నీటి పరిమాణానికి మించకుండా, మనిషికి నాలుగు వరకూ తీసుకువెళ్ళవచ్చు. అయితే విమాన సంస్థ ముందస్తు ఆమోదం తప్పనిసరి. మనం వాడే 16 గ్రాముల గుళిక ఆ కొలతకు లోబడే ఉంటుంది. కానీ ఎక్స్‌రే తెర మీద అది ఒత్తిడి వాయువున్న లోహపు డబ్బాగానే కనిపిస్తుంది. ఆమోదపత్రం చేతిలో ఉన్నా పెట్టె తెరిపించడం, ఆలస్యం కావడం జరుగుతాయి. నాలుగు గుళికల కోసం విమానం తప్పిపోయే ప్రమాదాన్ని తలకెత్తుకోవడం నాకు సబబుగా తోచదు. మంచి చేతిపంపు ఒకటి చెక్-ఇన్‌లో పెట్టుకోండి.

చైను ఆయిలు దగ్గర ఒక తేడా గమనించాలి. స్ప్రే డబ్బాల్లో వచ్చే తుప్పు వదిలించే ద్రవాలు, చైను శుభ్రం చేసే స్ప్రేలు చాలావరకు మండే వాయువుతో నింపినవే. స్నానపు గదిలో వాడే డియోడరెంట్ల వంటి వాటికి ఇచ్చే పరిమిత మినహాయింపు వీటికి వర్తించదు, ఇవి పూర్తిగా ఇంటి దగ్గర ఉండవలసినవే. చుక్కలు చుక్కలుగా పోసే చైను ఆయిలు సీసా మీద మండే గుర్తు లేకపోతే చిన్న సీసాను మూత బిగించి, సంచిలో చుట్టి, చెక్-ఇన్‌లో పెట్టవచ్చు. నేను మాత్రం బయలుదేరే ముందు రోజు చైనుకు ఆయిలు బాగా పట్టించి, సీసా వెంట తీసుకువెళ్ళను.

పనిముట్ల సంగతి తేలిక. మన దేశంలో పౌర విమానయాన భద్రతా బ్యూరో నిషేధ జాబితా ప్రకారం స్క్రూడ్రైవర్లు, పానాలు, కటింగ్ ప్లేయర్లు చేతిసంచిలో కూడవు, చెక్-ఇన్‌లో వెళ్తాయి. అమెరికాలో 7 అంగుళాల లోపు పనిముట్లను క్యాబిన్‌లోకి అనుమతిస్తారని చదివి, ఇక్కడ మడతపెట్టే ఎలెన్ కీల కట్టను సీటు కింది సంచిలో వదిలేసి పోగొట్టుకున్నవారు ఉన్నారు. సైకిలు సంచులను విమానానికి ముందు ఒకసారి బోర్లించి దులపండి. అడుగున మరిచిపోయిన టైరు లీవరో చిన్న కత్తో తప్పక దొరుకుతుంది.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ సైకిలును విమానంలో లేహ్ తీసుకువెళ్ళి అక్కడ తొక్కాలని ఉంది. బ్యాటరీని విప్పి చేతిసంచిలో పెట్టుకుంటే ఒప్పుకుంటారా? పవర్ బ్యాంకు, లైట్ల సంగతి ఏమిటి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

ఒప్పుకోరు, ఏ సంచిలో పెట్టినా ఒప్పుకోరు. బ్యాటరీ మీద రాసి ఉన్న వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే దాని శక్తి వాట్-అవర్లలో వస్తుంది. మీది 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అనుకుంటే 360 వాట్-అవర్లు. ప్రయాణికుడు తన వెంట స్వేచ్ఛగా తీసుకువెళ్ళగలిగేది 100 వాట్-అవర్ల వరకే. 100 నుంచి 160 మధ్య ఉన్నవాటిని విమాన సంస్థ ఆమోదంతో రెండు వరకూ అనుమతిస్తారు. 160 దాటితే అనుమతి ప్రసక్తే లేదు. చార్జింగ్ అంతా దించేశాను, బ్యాటరీ పాడైపోయింది అని చెప్పినా ఫలితం ఉండదు. పాడైన బ్యాటరీ మరీ ప్రమాదకరం. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి బ్యాటరీలోని ఒక గడి (సెల్) వేడెక్కితే, ఆ వేడి పక్క గడిని మండిస్తుంది, ఆ మంట గొలుసుగా సాగిపోతుంది. సైకిలును బ్యాటరీ లేకుండా పంపి, బ్యాటరీని ప్రమాదకర సరుకు తీసుకునే రవాణా సంస్థ ద్వారా రోడ్డు మార్గాన పంపడం ఒక దారి. లేహ్‌లో సైకిలు అద్దెకు తీసుకోవడం దానికంటే సుఖమైన దారి.

చిన్న బ్యాటరీల విషయంలో నియమం దీనికి తలకిందులుగా ఉంటుంది. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చెక్-ఇన్‌లో అసలు పెట్టకూడదు, మీ వెంట క్యాబిన్‌లోనే ఉండాలి. పైన పొగ వస్తే సిబ్బంది చూస్తారు, నీళ్ళు పోసి చల్లబరుస్తారు. కింది అరలో ఆ పని చేసేవారెవరూ ఉండరు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ ఆ అంకెలు దాని ఒంటి మీద చెరిగిపోకుండా కనబడాలి. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును తనిఖీవారు నమ్మవలసిన అవసరం లేదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో నేల మీద ఉన్న విమానంలో మంటలు రేగిన తరువాత చాలా సంస్థలు నియమాలు బిగించాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అదే ఏడాది అక్టోబరు నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్ని నిషేధించాయి. దాన్ని పైన సామాను అరలో కాక, సీటు ముందు కనబడేచోట ఉంచుకోండి.

సైకిలు లైట్లు, బ్యాటరీతో గాలి కొట్టే బుల్లి పంపు, దారి చూపే కంప్యూటర్ మీ చేతిసంచిలోకి రావాలి. పంపును మీట అనుకోకుండా నొక్కుకుపోకుండా డబ్బాలో పెట్టండి. మీ గేర్లు వైరు లేకుండా బ్యాటరీతో పనిచేసేవైతే, డెరైలర్ నుంచి ఆ అగ్గిపెట్టెంత బ్యాటరీలను ఊడదీసి చేతిసంచిలో వేసుకోవాలి. వాటి శక్తి రెండు మూడు వాట్-అవర్లే అయినా, విప్పిన క్షణం నుంచి అవి విడి బ్యాటరీలే. సీటు పోస్టు లోపల ఇమిడి ఉండే రకమైతే అలాగే ఉంచి, తీగ కలుపును విడదీయండి. పెట్టెలో ఆచూకీ చెప్పే బిళ్ళ పెట్టవచ్చా అని మరొకరు అడిగారు. అందులో ఉండేది గుండీ బ్యాటరీ, దానికి అడ్డు లేదు.

ప్రశ్న: డిసెంబరులో ఇండియా వచ్చి విశాఖ నుంచి అరకు మీదుగా వారం రోజులు సైకిలు తొక్కాలనుకుంటున్నాము. సిగ్నల్ లేని చోట సాయం కోసం ఉపగ్రహ సందేశ పరికరం తెస్తున్నాను. ఇక్కడ కొండల్లో తొక్కేవారందరూ వాడేదే.
— ఒక పాఠకుడు, డాలస్, అమెరికా

దయచేసి దాన్ని అక్కడే వదిలి రండి. ఇది ఈ నెల ఉత్తరాలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కలవరపెట్టిన ఉత్తరం. తురాయా, ఇరిడియం ఉపగ్రహ ఫోన్లకు, ఇరిడియం ద్వారా సందేశాలు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ వంటి పరికరాలకు మన దేశంలో టెలికాం శాఖ ముందస్తు అనుమతి కావాలి. ఈ సంగతి తెలియని విదేశీ పర్యాటకులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకుని, కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. చెక్-ఇన్‌లో పెట్టినా, వాడకుండా స్విచ్ ఆపి ఉంచినా, మీరు ఏ దేశ పౌరులైనా తేడా లేదు. అక్కడ ప్రాణం కాపాడే పరికరంగా చూసేదాన్ని ఇక్కడ దేశ భద్రత కోణంలో చూస్తారు. ఉపగ్రహ సంకేతాలను అందుకోవడం తప్ప పంపడం చేతకాని మామూలు సైకిలు కంప్యూటర్ సంగతి వేరు, అది నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

అరకు దారిలో మీకు దాని అవసరం కూడా అంతగా రాదు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు వేసుకుని, ఏ రోజు ఎక్కడ రాత్రి బస చేస్తారో ఇంట్లోవారికి రాసి ఇచ్చి, ఘాట్ రోడ్డును చీకటి పడకముందే దాటేలా చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకోసం మెల్‌బోర్న్ వెళ్తూ తన సైకిలు కూడా తీసుకువెళ్తున్నాడు. ఆ పెట్టెలో ఖాళీ చాలా ఉంది కదా, ఆవకాయ, ఎండుకొబ్బరి, పూజ సామాను సర్దవచ్చునా అండీ?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

అమ్మా, మీరు అడగడమే మంచిదైంది. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, అది దానంతట అదే వేడెక్కే గుణమున్న పదార్థాల కోవలోకి వస్తుంది, అందుకని లగేజీలో నిషిద్ధం. పూజ సామానులో కర్పూరం త్వరగా అంటుకునే ఘనపదార్థం కాబట్టి అది ఎక్కడా కూడదు, అగ్గిపెట్టె కూడా అంతే. ఆవకాయను చేతిసంచిలో పెట్టవద్దు. చెక్-ఇన్‌లో, దుకాణంలో సీలు వేయించిన ప్యాకెట్లలో అయితే విమానం వరకూ ఇబ్బంది ఉండదు. కానీ దాన్ని సైకిలు పెట్టెలో మాత్రం పెట్టకండి. ఆ పెట్టెను పక్కకు పడేస్తారు, తలకిందులుగా నిలబెడతారు. ఊట కారిందంటే బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చుకుని ఇక పట్టవు. చాలా విమాన సంస్థలు సైకిలు పెట్టెలో సైకిలు సామాను తప్ప వేరేవి ఉండకూడదని కూడా అంటాయి.

దీనికంటే పెద్ద విషయం ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే కార్డులో మట్టి అంటుకున్న వస్తువులు, ఆటల సామాను, బూట్లు ఉన్నాయా అని అడుగుతారు. పరాయి నేల మట్టితో విత్తనాలూ, తెగుళ్ళూ తమ పొలాల్లోకి వస్తాయని వారి జాగ్రత్త. గోదావరి గట్టు మీద తొక్కిన సైకిలు టైరు గాళ్ళలో, పెడళ్ళ కింద, బూట్ల అడుగున ఎండిన ఒండ్రు ఎంత పేరుకుని ఉంటుందో మీకు తెలియనిది కాదు. సర్దడానికి రెండు రోజుల ముందే పాత పళ్ళతోముడు బ్రష్షుతో, సబ్బునీళ్ళతో ప్రతి సందునూ తోమి, పూర్తిగా ఆరనివ్వమనండి. కార్డులో సైకిలునూ, తినే పదార్థాలు ఏవున్నా వాటినీ ఉన్నవి ఉన్నట్టు రాయమనండి. రాసి చూపిస్తే మహా అయితే కడిగిస్తారు లేదా తీసి ఉంచుకుంటారు. దాచి దొరికితే పెద్ద జరిమానా, వీసాకు కూడా చిక్కు రావచ్చు.

ప్రశ్న: హైవే మీద కుక్కలు వెంటపడతాయన్న భయంతో పెప్పర్ స్ప్రే ఉంచుకుంటాను. విమానంలో తీసుకువెళ్ళవచ్చా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

అంతర్జాతీయ నియమాల ప్రకారం రెండు సంచుల్లోనూ కూడదు. క్యాబిన్‌లో అది కారితే ఊపిరి పీల్చేందుకు వేరే గాలి ఉండదు. కుక్కల విషయంలో నేను చేసేది సైకిలు దిగి, దాన్ని కుక్కకూ నాకూ మధ్య అడ్డంగా పెట్టుకుని, గట్టిగా అదిలిస్తూ నడవడం. పరుగెత్తే చక్రాన్ని తరిమేవి, ఆగిన మనిషి దగ్గర చాలావరకు ఆగిపోతాయి.

ప్రశ్న: ఖరీదైన సైకిలును విదేశాలకు తీసుకువెళ్ళి తిరిగి తెచ్చేటప్పుడు కస్టమ్స్ సుంకం కట్టమంటారా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

అక్కడ కొన్నదేమోనన్న అనుమానం వస్తే అడగవచ్చు. అందుకని వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారుల వద్ద ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. దుకాణం రసీదు, ఫ్రేము సంఖ్య వారికి చూపించాలి. ఆ సంఖ్య చాలా సైకిళ్ళకు పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున చెక్కి ఉంటుంది. సైకిలును పెట్టెలో పడుకోబెట్టి టేపు వేశాక దాన్ని చూపించడం కష్టం కాబట్టి, ముందే శుభ్రంగా తుడిచి స్పష్టమైన ఫొటో తీసి ఉంచుకోండి, పెట్టెలో ఆ భాగం పైకి వచ్చేలా సర్దండి. ధ్రువపత్రం తీసుకోవలసింది పెట్టెను విమాన సంస్థకు అప్పగించక ముందే, కాబట్టి మామూలుగా వెళ్ళే సమయానికి ఒక గంట ముందు బయలుదేరండి.